రంగులత్త దొంగబోరు

రంగులత్త చేతులు ఎప్పుడు చూసినా మోచేతుల దాకా నీలంగానే ఉంటాయి. పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని, తొట్లలో దుప్పట్లకూ తెరలకూ రంగులేసి సంసారం ఈదుకొస్తున్న మనిషి. నోరైతే పెద్దదే కానీ గుండె పిట్టగుండె. ఆ రోజు గోడ అవతల బళ్లోకి భూగర్భజల శాఖ జీపు రావడం చూసి ఆ గుండె కాస్తా జారిపోయింది.

బళ్లో సర్కారు బోరొకటి ఉంది. అది నీళ్లు తోడడానికి కాదు, ఎంత లోతున ఉన్నాయో కొలవడానికి. ఆ వాడలో నీళ్లు అడుగంటుతున్నాయని, అనుమతి లేకుండా కొత్త బోర్లు వేయకూడదని ప్రభుత్వం ఎప్పుడో ఉత్తర్వు ఇచ్చింది. అది తెలిసీ రంగులత్త బోరు వేయించింది. దాని మూతి మీద చెక్క పరిచి, పైన ఖాళీ డ్రమ్ము పెట్టింది.

"ఏమయ్యా, వచ్చేశారు! మన బోరుకు సీలేసి పోతారు. లాడ్జీ వాళ్ల దుప్పట్లు రంగులో నానుతున్నాయి. ఇప్పుడు కడక్కపోతే అన్నీ మచ్చలే" అంది మొగుడితో.

"వాళ్లొచ్చింది బడికే. నువ్వు అరవకుండా ఉంటే చాలు."

"నేనెక్కడ అరిచాను? సీలు పడేలోపు నాలుగు తొట్ల నీళ్లన్నా పట్టుకుందాం. మోటారు వెయ్యి."

మోటారు బోరు అడుగున ఉంటుంది కాబట్టి చప్పుడు బయటికి రాదని ఆమె ధీమా. తొట్లు నిండుతుంటే గోడకు చెవి ఆనించి నిలబడింది. అవతల బోరులోకి టేపు దింపుతున్నారు. దాని కొసనున్న గుండు నీటిని తాకగానే కూత పెడుతుంది. కుయ్‌మంది. కాసేపాగి మళ్లీ దింపారు. ఈసారి కూత లేదు.

"ఇందాక తాకిన చోట ఇప్పుడు నీళ్లు లేవేంటి? పక్కనెవరో లాగుతున్నారు" అంది ఆఫీసరమ్మ.

రంగులత్త పరుగున పోయి మోటారు కట్టేసింది.

కాసేపటికి గోడ అవతల మళ్లీ కుయ్‌మంది. "ఆపేశారమ్మా, నీళ్లు పైకొస్తున్నాయి" అన్నాడు టేపు పట్టుకున్నాయన.

"ఈ గోడవతల ఎవరిల్లు?"

తలుపు చప్పుడైంది. రంగులత్త డ్రమ్ముకు అడ్డంగా నిలబడింది. మొగుడే వెళ్లి తీశాడు.

"మాకు బోరు లేదండీ, కుళాయి నీళ్లే."

ఆఫీసరమ్మ అంచుల దాకా నిండిన తొట్లు చూసింది. "భలే కుళాయండీ మీది!"

"తప్పయిపోయిందమ్మా" అంటూ రంగులత్త డ్రమ్ము పక్కకు జరిపేసింది. "షెడ్డు మూతపడితే మాకు పొయ్యి వెలగదు తల్లీ!"

"బళ్లో పంపుకు నీళ్లందడం లేదు పెద్దమ్మా. పిల్లలు ఇళ్ల నుంచి సీసాలు మోసుకొస్తున్నారు. వాననీళ్లు ఇంకే గుంత తవ్వించి, నీళ్ల మీటరు పెట్టి, అనుమతికి అర్జీ పెట్టుకో. చూస్తాం. ఇస్తామని మాత్రం ఇప్పుడు మాటివ్వలేను."

స్విచ్చుకు సీలేసి వెళ్లిపోయారు.

ఇక మిగిలింది తొట్లలో నీళ్లే. బకెట్లకు బకెట్లు గుమ్మరించే రంగులత్త చెంబు పట్టుకుని దుప్పట్లు కడగడానికి కూర్చుంది. మొగుడు సాయం పట్టబోతే "చిందించకు!" అని కసిరింది. పిండిన కొద్దీ దుప్పటి నీలం కక్కుతూనే ఉంది. తొట్టి అడుగు కనిపిస్తోంది. పక్కన ఇంకా సగం దుప్పట్లు అలాగే ఉన్నాయి.