నా వంతు ప్రదక్షిణలు

తొడ ఎముకలో రాడ్డు వేసిన డాక్టరు, కుట్లు విప్పిన రోజు ఒక్కటే చెప్పాడు. రోజూ నడవకపోతే కాలు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత తను చేయగలిగింది ఏమీ ఉండదని. చిక్కడపల్లిలో నేనుండేది లిఫ్టు లేని బిల్డింగులో రెండో అంతస్తు. కాలు బిగుసుకుపోతే ఆ మెట్లు ఎక్కలేను. ఎక్కలేకపోతే మియాపూర్‌లో తమ్ముడి ఇంటికి పోవాలి. వాడు మంచివాడే. తమ అపార్ట్‌మెంట్లో వాకింగ్ ట్రాక్ కూడా ఉందని ఫోన్ చేసినప్పుడల్లా ఊరిస్తాడు. కానీ పెళ్లి చేసుకోకుండా, ఎవరి మీదా ఆధారపడకుండా అరవై ఏళ్లు నెట్టుకొచ్చినదాన్ని. మరదలు కాఫీ ఇచ్చేదాకా గదిలో కాచుకుని కూర్చోవడం తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

సరే, నడవాలి. ఎక్కడ? మా వీధి ఫుట్‌పాత్ సగం బైకులది, సగం ఇడ్లీ బండిది. అశోక్‌నగర్ వైపు వెళితే కోచింగ్ పిల్లలు నా చేతికర్రను చూడకుండా దూసుకుపోతారు. పాపం, వాళ్ల పరేషాన్ వాళ్లది. నారాయణగూడ దగ్గర రోడ్డు దాటడం రెండు కాళ్లూ సరిగ్గా ఉన్నవాళ్లకే గండం. పార్కుకు పోతే వాకర్లు గుంపుగా వెనకనుంచి వచ్చి జర పక్కకు జరగమన్నారు. పెద్దవాళ్ల కోసం యోగా క్లాసు ఉందని ఎవరో చెబితే ఆటో కట్టించుకుని బర్కత్‌పుర వెళ్లాను. అది మూడో అంతస్తులో ఉంది. కింద నిలబడి బోర్డు చదివి తిరిగొచ్చాను. దారిలో ఆటోలో ఏడుపొచ్చింది. ఇంత ఊళ్లో నేను కాలు మోపడానికి జాగా లేదు.

ఒకరోజు వాన పట్టుకుంటే మా వెనక గల్లీలోని చిన్న ఆంజనేయస్వామి గుడిలోకి దూరాను. గర్భగుడి చుట్టూ చదునైన బండలు, పైన రేకులు, ప్రహరీ గోడ పొడవునా శనివారం క్యూ కోసం వేసిన స్టీలు పైపు. బండి రాదు, హారన్ లేదు, అలిసిపోతే కూర్చోవడానికి అరుగుంది. అన్నిటికీ మించి, అందరూ ఒకే వైపు తిరుగుతారు. ఎదురొచ్చి గుద్దేవాళ్లు ఉండరు. నాకు దేవుడి మీద నమ్మకం అంతంతమాత్రం. అయినా మర్నాటి నుంచి పొద్దున్నే వెళ్లి ఎడమ చేత్తో పైపు పట్టుకుని తిరగడం మొదలుపెట్టాను.

గుడి చుట్టూ తిరిగేవాళ్లను చూసి ఎవరూ వాకింగ్ అనుకోరు. మొక్కు అనుకుంటారు. పూజారిగారు కూడా కుంకుమ ఇస్తూ త్వరలోనే తీరుతుందమ్మా అని ధైర్యం చెప్పేవారు. కాదని వివరించే ఓపిక నాకు లేదు.

నాతోపాటు రోజూ తిరిగే మనిషి ఒకావిడ ఉండేది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, కవాడిగూడ బస్తీలో ఉంటూ బిల్డింగ్ పనికి పోయేది. పనికి పోయేముందు టిఫిన్ డబ్బా అరుగు మీద పెట్టి, కొంగు బిగించి చకచకా తిరిగేది. నేను ఒకటి తిరిగేలోపు ఆవిడవి మూడయ్యేవి. నన్ను దాటిపోయే ప్రతిసారీ నా కాలు వంక చూసి, పైలం అక్కా అని జాగ్రత్త చెప్పేది. అంతకుమించి మాటల్లేవు. పేర్లు కూడా అడిగి తెలుసుకోలేదు.

కాలు కాస్త స్వాధీనంలోకి వస్తోందనుకునేసరికి జ్వరం తగిలింది. వారం రోజులు ఆ రెండు గదుల్లో నా దగ్గు తప్ప వేరే చప్పుడు లేదు. తలుపు తట్టిన మనిషి లేడు. లేచి నిలబడితే కాలు మళ్లీ మొదటికొచ్చింది. తమ్ముడు ఆదివారం కారు తెస్తానంటే, ఇక నావల్ల కాదని సరేనన్నాను.

శనివారం రద్దీ మొదలవకముందే, ఆఖరిసారి వెళ్లొద్దామని గోడ పట్టుకుంటూ గుడికి పోయాను. ఆవిడ నన్ను చూసి ఆగిపోయింది.

"ఏమైందక్కా, గిన్ని దినాలు రాలె?"

జ్వరమని చెప్పాను.

"నేను గట్లనే అనుకున్న. నీ మొక్కు నడిమిట్ల తెగొద్దని నీ వంతు గూడ నేనే తిరిగిన. కాలు నొప్పి అక్క రాలె సామీ, ఆమెవి గూడ లెక్కేస్కో అని చెప్పిన."

నాకు మొదట కోపమే వచ్చింది. నడక ఒకరి బదులు ఒకరు నడిచేదా? ఆవిడ తిరిగితే ఆవిడ కాళ్లే అరుగుతాయి గానీ నా కాలికేం ఒరుగుతుంది? ఇది మొక్కు కాదు, డాక్టరు చెప్పిన ఎక్సర్‌సైజు అని చెప్పబోయాను. పొద్దంతా ఇటుకలు మోసే మనిషి, పనికి పోయేముందు నాకోసం అదనంగా నడిచింది. నేను కనబడటం లేదని ఈ ఊళ్లో గమనించింది ఆవిడొక్కతే. గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

కాసేపటికి, నువ్వు దేనికోసం తిరుగుతున్నావమ్మా అని అడిగాను.

"చెప్పొద్దక్కా. బయటికి చెప్తె మొక్కు తీరదంటరు" అని డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి తమ్ముడికి ఫోన్ చేసి కారు తేవద్దన్నాను. వాకింగ్‌కు ఇక్కడే బాగుందంటే వాడు నవ్వాడు. చిక్కడపల్లిలోనా అన్నాడు.

ఎండలు ముదిరాక ఆవిడ రావడం మానేసింది. మేస్త్రీ ఇంకో సైటుకు తీసుకుపోయాడో, సొంతూరికే వెళ్లిపోయిందో తెలియదు. పేరైనా తెలియని మనిషి గురించి ఎవరిని అడగను? అరుగు మీద ఆ డబ్బా లేని చోటు చూస్తే దిగులేస్తుంది. నా కాలు బాగానే స్వాధీనంలోకి వచ్చింది, మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. గుడిలో నా నడక అయిపోయాక మాత్రం పైపు వదిలేసి ఆవిడ వంతు మొదలుపెడతాను. ఏం కోరుకుందో నాకు తెలియదు కదా. అందుకని, ఆమె ఏదడిగిందో అది ఇచ్చెయ్యి సామీ అని మాత్రం చెబుతాను.