నువ్వులు తాగిన వాసన

సాతంరాయిలో కిరాయికి తీసుకున్న చిన్న గదిలో, మల్లెలతో పొరలు పొరలుగా పేర్చి ఎనిమిది రోజులు ఉంచిన నువ్వుల మీది బట్ట ఈ పొద్దున తీశాను. అత్తర్లు, తలనూనెలు చేయడమే నా బతుకుతెరువు. ఫ్యాక్టరీ సెంట్లు కలపను, పూలు, వేర్లు, నువ్వులతోనే నా పని. ఆ బట్ట తీసినప్పుడల్లా మా అవ్వ గుర్తుకొస్తుంది, ఎంత మంచి వాసన వస్తే అంత బాధగా గుర్తుకొస్తుంది.

అవ్వ అంటే మా నాయన తల్లి. శంషాబాద్ అవతల మా ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా పిల్ల తలకు పెట్టేది ఆమె చేసిన మల్లెనూనే. ఎండాకాలం రాగానే నువ్వులు నానబెట్టి, పొట్టు రుద్ది, నీడన ఆరబెట్టి, వెనకగదిలో తెల్లబట్ట మీద ఒక వరస నువ్వులు, ఒక వరస మొగ్గలు పరిచి కప్పేది. మరునాడు వాడిన పూలు జల్లెడ పట్టి తీసేసి కొత్తవి పరిచేది. నువ్వులు పక్కన ఏ వాసన ఉంటే దాన్నే తాగుతాయని, ఆ పది రోజులూ ఇంట్లో ఎల్లిగడ్డ పోపు బందు. చప్పటి పప్పు తినీ తినీ మా నోళ్ళు చచ్చిపోయేవి. తాత చుట్ట కాల్చుకోవడానికి ఎర్రటెండలో గోడ అవతలికి పోతూ అవ్వను నాలుగు మాటలు అనేవాడు.

ఒక చలికాలం వచ్చిన జ్వరంతో అవ్వకు వాసన తెలియకుండా పోయింది. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది. ఇంట్లో తెలిస్తే ఇగ నీకెందుకీ పని అని కూర్చోబెడతారని ఆమె భయం. ఆ ఎండాకాలం రోజూ గుప్పెడు నువ్వులు నా ముక్కు దగ్గర పెట్టి ఎట్లున్నయని అడిగేది. పదేళ్ళదాన్ని, ఆ పెత్తనానికి మురిసిపోయాను.

తొమ్మిదో రోజు అందరూ చేనుకు పోయారు, అవ్వ పక్క ఊరి తోటకు మొగ్గల కోసం పోయింది. చప్పటి తిండితో విసిగిపోయి, నేనూ మా చిన్నాయన కూతురూ ఎండుచేపలు నిప్పుల మీద కాల్చుకు తిన్నాం. వెనకగది తలుపు తెరిచే ఉంది. సాయంత్రానికి ఇంట్లో వాసన పోయింది, నువ్వుల్లోంచి పోలేదు. మరునాడు అవ్వ గుప్పెడు పట్టుకుని నిలబడితే, తిడుతుందన్న భయంతో, మల్లె తప్ప ఇంకేం లేదని చెప్పాను.

గానుగ ఆడించారు. ఆ నూనె పక్కింటి పెళ్ళిపిల్ల తలకెక్కింది. పీట చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ముక్కులు ఎగబీల్చి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరకు ఆ పిల్ల తల్లి గిన్నె తెచ్చి మా అరుగు మీద పెట్టింది.

"మళ్ళ తలకు నీళ్ళు పోయించినం పెద్దమ్మా. ఎండుచాపల వాసనొస్తుంది" అన్నది.

అవ్వ అలవాటు కొద్దీ గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత నావైపు చూసింది. తిట్టలేదు.

"నా ముక్కు పోయిందని నేనేం బాధపడలే బిడ్డా. నీ ముక్కు ఉన్నదనుకున్న" అన్నది.

ఆమె మళ్ళీ నువ్వులు నానబెట్టలేదు.

ఇప్పుడు మా చేను ఉన్న చోట విమానాలు దిగుతున్నాయి. ఎద్దుల గానుగ లేదు, నేను కాటేదాన్‌లో మిషను మీద నువ్వులు ఆడించుకుంటాను. పెళ్ళిపిల్ల తలకు ఇంటినూనె పెట్టడమూ పోయింది, పార్లరు నుంచి మనిషి వస్తుంది. ఇవేవీ నేను పోగొట్టినవి కావు. అవ్వ మాత్రం ఆ తర్వాత ఆరు ఎండాకాలాలు ఖాళీ చేతులతో బతికింది. అది నేను చేసిందే.