నల్ల సిరా చదువు

మీరు చదవలేదు. చదవకుండానే దండం పెట్టారు.

మా తెలుగు టీచర్ చనిపోయిన వార్తను ఆమె కూతురు మన రీడింగ్ రూమ్ ఫోన్ గ్రూపులో పెట్టింది. "అమ్మ పొద్దుగాల పోయింది. సాయంత్రం తీస్కపోతం. రాండ్రి." అంతే రాసింది. ఏడుస్తూ ఫోన్ పట్టుకున్న మనిషి ఇంతకంటే ఏం రాస్తుంది? దాని కింద ఒక్కరూ పలకలేదు. కాసేపటికి కమిటీ అధ్యక్షుడు ఆ మాటలనే ఏఐకి ఇచ్చి, బాగు చేయించి, మళ్లీ పెట్టాడు: "మా మాతృమూర్తి నేటి ఉదయం పరమపదించారని తెలియజేయుటకు మిక్కిలి చింతిస్తున్నాము." అప్పుడు కదిలారు మీరు. వరసబెట్టి చేతులు జోడించిన బొమ్మలు, పూలు, దీపాలు. ఆ ఇంట్లో ఎవరి నోటా ఏనాడూ పలకని వాక్యానికి దండం పెట్టారు.

సాయంత్రం చాలామంది వచ్చారు, కాదనను. పాడెకు భుజం పట్టినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ పొద్దున చేసిన పనే, ఆమె పేరు మీద అచ్చేయబోతున్న పుస్తకం నిండా చేయబోతున్నారు. అందుకే ఈ రాత. గ్రూపులో లేనివాళ్ల కోసం మొదటి నుంచి చెబుతాను.

మాదన్నపేట మార్కెట్ వెనక గల్లీలో ఆమె ఇల్లు. సర్కారు హైస్కూల్లో మాకు తెలుగు చెప్పింది. కొప్పులో ఎర్ర పెన్ను గుచ్చుకుని క్లాసులోకి వచ్చేది. ఆ కొప్పులో పూలు ఎవరూ చూడలేదు. మేము "నేను వచ్చిన" అని రాస్తే, చుట్టూ గుండ్రంగా గీసి పైన "వచ్చాను" అని రాసేది. "ఇంట్ల ఎట్లన్న మాట్లాడుండ్రి బిడ్డా, పేపరు దిద్దేటోడు మీ ఇంట్లోడు గాదు" అనేది. ఆమె భయం మాకు తెలుసు. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీల్లో పని కోసం పోయిన మా అన్నల్లో, దరఖాస్తు రాయడం రాక వెనక్కి తిరిగి వచ్చినవాళ్లున్నారు. ఆమె దిద్దింది కాబట్టే ఇవాళ మీతో ఈ భాషలో కొట్లాడుతున్నాను.

కొట్లాట నాకు బడిలోనే అంటింది. తాగడానికి నీళ్లు లేవని ఒకసారి క్లాసునంతా తీసుకుపోయి హెడ్‌మాస్టర్ గది ముందు కూర్చోబెట్టాను. ఆమె తిట్టలేదు. పక్కకు పిలిచి, "లొల్లి చెయ్యి. గని ఏమేం గావాల్నో ముందుగాల కాయితం మీద రాసుకో. లేకుంటె చాయ్ తాపి పంపిస్తరు" అంది. తర్వాత యూనియన్లో చాలా ఏళ్లు పనిచేశాను. చాయ్ తాగి ఉత్త చేతులతో లేచి వచ్చిన మీటింగులు ఎన్నో చూశాను. ఆ మాట ఎంతటిదో అక్కడ తెలిసింది.

ఇక పుస్తకం సంగతి. మన రీడింగ్ రూమ్‌కు ఒకప్పుడు చేతిరాత పత్రిక ఉండేది. అచ్చు లేదు, ఒకటే ప్రతి. బల్ల మీద పెడితే వచ్చినవాళ్లు చదివేవాళ్లు. ఎవరైనా రాయొచ్చు, కానీ ఎవరి పేజీ వాళ్లే సొంత చేత్తో, నల్ల సిరాతో రాయాలి. ధూల్‌పేట్‌లో వినాయకుడి బొమ్మలకు రంగులు వేసే ఆయన రాశాడు. ఫ్యాక్టరీ కార్మికులు రాశారు. మార్కెట్లో కూరగాయలమ్మే ఆడవాళ్లు రాశారు. అప్పుడే ఉద్యోగంలో చేరిన మా టీచర్ సంపాదకురాలు. ఆమె దగ్గర ఎర్ర సిరా. నల్ల అక్షరాల మీద పేజీ పేజీకీ ఆమె ఎర్ర దిద్దుబాట్లు. ఆ కట్టలు ఇనప బీరువాలో అట్లాగే పడి ఉన్నాయి. వాటిని పుస్తకంగా వేద్దామని కమిటీ అనుకుంది. టైపు చేసే ఓపిక ఎవరికీ లేదు. చేతిరాత చదివి పెట్టే ఏఐ ఉందిగా అన్నారు. పని టీచర్‌కు అప్పజెప్పారు. ఆమె నన్ను పిలిచింది.

నేను ఒప్పుకోలేదు. ఇది కంపెనీల మిషన్ అనీ, మన రాతలు తిని రేపు మనకే అమ్ముతుందనీ ఆమె ముందు ఉపన్యాసం ఇచ్చాను. మొత్తం విన్నది. "నీ కోపం మంచిదే బిడ్డా. గని బీరువల చెదలు గూడ తింటున్నది. దానితోని ఏం మీటింగ్ పెడ్తవు?" అని, ఫోటో తియ్యమంది.

మధ్యాహ్నాలు ఆమె ముందుగదిలో కూర్చునేవాళ్లం. నేను పేజీకి ఫోటో తీసి ఏఐకి ఇచ్చేవాణ్ని. అది చదివి రాసినదాన్ని పెద్దక్షరాలు చేసి ఆమె ముందు పెట్టేవాణ్ని. ఆమె అసలు పేజీ మీద స్టీలు స్కేలు ఆనించి, ఒక్కో వరుసా కిందికి జరుపుతూ సరిచూసేది. బడిలో మా జవాబు పత్రాలు చూసిన స్కేలే అది. నిజం చెప్పాలి, ఆ మిషన్ బాగా చదివింది. ఆమె చూపుకు అందని మసక రాతను, వాన నీళ్లకు పాకిపోయిన సిరాను, మేం కళ్లజోడు సర్దుకునేలోపు చదివి పెట్టేది. నా ఉపన్యాసం సగం అక్కడే చల్లబడింది.

తప్పులూ చేసింది. పాతవాళ్లు "ర్మ" రాయాలంటే "మ" పక్కన తెలుగు తొమ్మిదంకె లాంటి గిలక పెట్టేవాళ్లు. ఫ్యాక్టరీ కార్మికుడొకాయన అట్లాగే రాశాడు. ఆ గిలక మిషన్‌కు అంతు చిక్కలేదు. దాంతో "కార్మికుల సమావేశం" కాస్తా "కాముకుల సమావేశం" అయింది. ఆమె కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంత నవ్వింది. "మీ యూనియన్ సంగతి దీనికెవలు చెప్పిన్రురా?" అని నన్నడిగింది. తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ నన్ను చూపించి, సమావేశం ఎట్లా జరిగిందో అడగమనేది.

ఇంకో తప్పుకు మాత్రం నవ్వలేదు. చెదలు తిన్న చోట మిషన్ ఊరుకోలేదు. సొంతంగా ఒక వాక్యం అల్లి పెట్టింది. చక్కటి వాక్యం. ఆమె స్కేలు అక్కడ ఆగిపోయింది. "మా పిల్లలు జవాబు రాకుంటె ఖాళీ వదిలిపెడ్తుండె. ఇది రాని జవాబు గూడ మస్తు అందంగ రాస్తది" అంది.

ఆ తర్వాత, ఆఖరి కట్టలో, ఆమె తల్లి పేజీ వచ్చింది.

ఆ తల్లి మార్కెట్లో ఆకుకూరలు అమ్మేది. రీడింగ్ రూమ్‌లో ఆడవాళ్లకు తరగతి పెడితే, పెద్ద వయసులో వచ్చి అక్షరాలు నేర్చుకుంది. పత్రికకు ఒక పేజీ రాసింది: "నాకు సదువు రాకుండె. నా బిడ్డ టీచరు. బిడ్డ నేర్పితె కోపానికొస్తదని ఈడికొచ్చి నేర్చుకున్న. గిప్పుడు బస్సు మీద పేరు సదువుకోని ఎక్కుత. ఎవలను అడుగ."

మిషన్ ఇచ్చింది ఇది: "నాకు చదువు వచ్చేది కాదు. నా కుమార్తె ఉపాధ్యాయురాలు. ఆమె నేర్పితే కోప్పడుతుందని ఇక్కడికి వచ్చి నేర్చుకున్నాను. ఇప్పుడు బస్సు మీద పేరు చదివి ఎక్కుతాను. ఎవరినీ అడగను."

ఒక్క తప్పు లేదని నేను తర్వాతి పేజీ అందుకోబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టి అసలు పేజీ చూపించింది. మిషన్ రాసిన ప్రతి మాటా అందులో ఉంది, ఎర్ర సిరాలో. కింద ఉన్న నల్ల సిరాను అది పట్టించుకోనే లేదు.

"ఇది నా స్టూడెంటే," అంది. "నేను బతుకంత ఏం జేసిన్నో, గదే నేర్చుకున్నది."

కాసేపు స్కేలును చేతిలో అటూ ఇటూ తిప్పింది. ఆ ఎర్ర సిరా చూశాక తల్లి మళ్లీ రాయలేదని చెప్పింది. రెండో పేజీ ఎప్పుడు రాస్తావమ్మా అని అడిగితే, "నువ్వే మంచిగ రాస్తవు తియ్" అందట, కోపం కూడా లేకుండా. అర్థం ఏమీ చెడలేదు కదా టీచర్ అన్నాను, ఓదార్చడానికి.

"అర్థం గదే. మనిషి వేరు" అంది.

ఆ రోజే ఒక వేలితో, తడుముకుంటూ, మిషన్‌కు ఆమె రాసిన ఆదేశం నా దగ్గర ఉంది: "ఎర్ర సిరా వదిలెయ్. నల్ల సిరా చదువు. కనబడ్డదే రాయి. కనబడకుంటె కనబడలేదని రాయి. దిద్దకు." అది మహా మర్యాదగా క్షమాపణ చెప్పింది. మాఫీ ఎందుకు, మళ్ల రాయి అంది టీచర్. మళ్లీ రాసింది. "నేర్చుకున్న" చివర "ను" తగిలిస్తే మళ్ల అంది. ఆఖరికి ఆ తల్లి నోటి నుంచి వచ్చినట్టే ఆ మాటలు తెర మీదికి వచ్చాయి. దిద్దకు అంటే మిషన్ మానేసింది. మీరు మానడం లేదు.

ఫోటోల్లోంచి ఎర్ర రంగే తుడిచేయొచ్చు టీచర్ అన్నాను. వద్దంది. "నల్లది వాళ్ల మాట. ఎర్రది నేను జేసింది. రెండు ఉండాలె." పైన నల్ల సిరా పాఠం, కింద చిన్నక్షరాల్లో ఆమె దిద్దుబాట్లు: అట్లా కట్టలన్నిటినీ మొదటి నుంచి మళ్లీ చదివించాం. ఆ పని పూర్తి చేసిన తర్వాతే ఆమె పోయింది. సగంలో ఆగింది కాబట్టి మేం చక్కబెడుతున్నాం అనడానికి మీకు వీల్లేదు.

ఆమె ఉండగానే ఈ పుస్తకం మీద జరిగిన కమిటీ మీటింగుకు నేనూ వెళ్లాను. అధ్యక్షుడు కూడా ఆమె దగ్గర చదువుకున్నవాడే. మిషన్ మొదట ఇచ్చిన సాఫు ప్రతి ఉంది కదా, అదే వేద్దామన్నాడు. "టీచర్, గీ భాష అచ్చేస్తె మన బస్తీల ఎవలకు తెలుగు రాదనుకుంటరు."

ఆమె కూర్చున్న చోటు నుంచే అంది: "రాకుంటె గిన్ని పేజీలు ఎవలు రాసిన్రు నాయనా?"

అతను మాట మార్చాడు. అంతా కంప్యూటర్లోకి ఎక్కింది కనుక కట్టలు పాత కాగితాలు కొనే కబాడీకి ఇచ్చేసి, బీరువా ఉన్న చోట కుర్చీలు వేద్దామన్నాడు. మబ్బుల నీళ్లు చూసి ముంతల నీళ్లు ఒలకబోసుకుంటమా అని ఆమె అడిగింది. అందరూ నవ్వారు. నవ్వి, చాయ్ తాగి, ఏదీ తేల్చకుండా లేచారు.

ఇప్పుడు ఆమె లేదు కనుక తేల్చడం తేలికైంది. శ్మశానం నుంచి వస్తూ అధ్యక్షుడే నాకు చెప్పాడు. సాఫు ప్రతి అచ్చుకు పోతోందట. బీరువా ఖాళీ చేస్తారట. అట్ట మీద టీచర్ ఫోటో వేస్తారట. ఆమె వద్దన్న పుస్తకానికి ఆమె ముఖమే అట్ట.

నేను అరవను. ఏమేం కావాలో ఆమె చెప్పినట్టే కాగితం మీద రాసుకున్నాను. చాయ్ వద్దు.

ఒకటి. నల్ల సిరా పాఠమే అచ్చు వేయాలి. ఎర్ర దిద్దుబాట్లు కింద చిన్నక్షరాల్లో, ఆమె పెట్టినట్టే ఉండాలి.

రెండు. ప్రతి పేజీ పక్కన దాని ఫోటో ఉండాలి. చదివేవాళ్లే సరిచూసుకుంటారు.

మూడు. చెదలు తిన్న చోట ఖాళీ ఉండాలి. మిషన్ గానీ మీరు గానీ దాన్ని నింపొద్దు.

నాలుగు. కట్టలు కబాడీకి పోవద్దు. బీరువా కదలొద్దు. చెదల మందు కొట్టించాలి.

ఐదు. ఏఐ వాడామని దాచకుండా చెప్పాలి. టీచర్ దానికి ఇచ్చిన ఆదేశం ఆమె మాటల్లోనే అచ్చు వేయాలి. రేపు ఇంకో బస్తీవాళ్లు బీరువా తెరిస్తే పనికొస్తుంది.

ఆరు. గ్రూపులోంచి ఆ "పరమపదించారు" తీసేయాలి. కూతురు రాసింది చాలు.

ఏడు. పుస్తకం ఆమె తల్లి పేజీతో మొదలవ్వాలి. ఆ తర్వాత ఒక పేజీ తెల్లగా వదలాలి. దాని మీద అక్షరం వద్దు, బొమ్మ వద్దు, అంకె కూడా వద్దు. అది ఆ తల్లి రాయని రెండో పేజీ.