ముందు సీటులో మూడో మనిషి

నాకు చిన్నప్పటి నుంచీ ఒకచోట కాలు నిలవదు. బస్సు కోసం నిలబడటమంటే చచ్చేంత విసుగు. సీతారామపురం వైపున్న మా ఊరికి రోజుకు రెండే బస్సులు, అవీ వాటి ఇష్టం. “కాలు గాలిన పిల్లి మాదిరి ఏందిరా ఆ తిరుగుడు” అని అమ్మ కసురుకునేది. తొంభైల మొదట్లో మా ఇంట్లో కారు కొనిపించింది ఆ తిరుగుడే.

అంతకు ముందు నాయనకూ, ఆయనకు అన్నయిన మా పెదనాయనకూ ఆత్మకూరులో పనిపడితే ఉదయగిరి నుంచి బాడుగ కారు వచ్చేది. పాతకాలపు లావాటి కారు. ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే బల్ల. గేరు స్టీరింగు దగ్గరే ఉండేది కాబట్టి కాళ్ళకు అడ్డం లేదు. డ్రైవరు పక్కన నాయన, కిటికీ దగ్గర తలపాగాతో పెదనాయన. ఆత్మకూరు బస్టాండు దగ్గర టీ అంగడి ముందు అన్నదమ్ములిద్దరూ ముందు తలుపులోంచే దిగాలి, నలుగురూ చూడాలి. పట్నాల్లో పెద్దమనుషులు వెనక కూర్చుంటారట. మా వైపు వెనక సీటు ఆడవాళ్ళకూ, పిల్లలకూ, మూటలకూ.

నేను నెల్లూరు పోయి సెకండ్‌హ్యాండ్‌లో ఒక తెల్లటి చిన్న కారు చూసొచ్చాను. దాన్ని తయారుచేసినవాళ్ళ తెలివి నాకు తెగ నచ్చింది. ఇంజన్ను ముందు అడ్డంగా పెట్టి, ముందు చక్రాలతోనే లాగించి, మిగిలిన చోటంతా మనుషులకు వదిలారు. రేకు పలచన, బరువు తక్కువ, పెట్రోలు తక్కువ. ఎంత సన్న సందులోనైనా తిరిగేస్తుంది. పట్నంలో కాపురముండే మొగుడూ పెళ్ళాం ఇద్దరు పిల్లల్ని కళ్ళ ముందు పెట్టుకొని దాని కొలతలు గీశారు. మా పెదనాయన కొలత ఎవరూ తీసుకోలేదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టక, పట్టుబట్టి దాన్నే కొనిపించాను.

“ఏందిరా ఇది, అగ్గిపెట్టె తెచ్చినావా?” అన్నాడు పెదనాయన కారు చుట్టూ తిరిగి. “తా దూర సందు లేదు, మెడకో డోలని, ఇంక నా తలపాగా ఏడ పెట్టుకునేది?” నవ్వుతూనే అన్నాడు.

ఆ కారులో ముందు రెండే సీట్లు, విడివిడిగా. ఒకటి తోలేవాడిది, అంటే నాది. పెద్దవాడు కాబట్టి రెండోది పెదనాయనది. మొదటి ప్రయాణానికి నాయన మాట్లాడకుండా వెనక్కి ఎక్కాడు. ఆత్మకూరులో దిగుతుంటే టీ అంగడి దగ్గర తెలిసిన మనిషి ఒకడు, “ఏందన్నా, తమ్ముణ్ణి మూటల్లో ఏసుకొచ్చినావే!” అన్నాడు. అందరూ నవ్వారు. పెదనాయన కూడా నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. సాయంత్రం నాయన కారు ఎక్కలేదు, బస్సులో వచ్చాడు.

రెండు నెలలు అన్నదమ్ములకు మాటల్లేవు. ఒక పొయ్యి మీద వండింది తిని, ఒకే వసారాలో కూర్చొని, చెప్పాల్సింది నాతో చెప్పించేవారు. “బాయి కాడ మోటారు కాలిపోయిందని మీ పెదనాయనకు చెప్పురా” అనేవాడు నాయన. పెదనాయన మూడడుగుల దూరంలోనే ఉండేవాడు. ఒకరోజు నాయన అమ్మతో, “ఇంక పొయ్యిలు వేరు చేసుకుందాం. ఆయన దోవ ఆయనది, మన దోవ మనది” అన్నాడు. పుట్టినప్పటి నుంచీ ఒక్కటిగా చూసిన ఇల్లు నేను పట్టుబట్టి కొనిపించిన కారు వల్ల రెండు కాబోతోంది.

చేతులు కట్టుకొని కూర్చోవడం నాకు చేతకాదు. పొద్దున్నే కారు తీసుకొని ఆత్మకూరు టింకరింగ్ షెడ్డుకు పోయాను. అక్కడి మేస్త్రి పాత లావు కార్లకు రేకులు వంచి వంచి పండినవాడు.

“ముందు ముగ్గురు పట్టాల మేస్త్రీ.”

“ఇంజనీర్లు కూర్చోని గీసిన బండయ్యా ఇది. దీంట్లో నేను ఏలు పెట్టేదా?” అంటూనే స్పానర్ అందుకున్నాడు.

ఎడమ సీటు పీకేసి, ఇనుప చట్రం కట్టి, దాని మీద చెక్క, కొబ్బరి పీచు, ఎర్ర రెక్సిన్ వేసి నా సీటు దాకా బల్ల లాగాడు. గేరు రాడ్డు కోసం ముందు అంచు కొంత కోశాడు. నేను చుట్టూ తిరుగుతూ, ఇంకెంతసేపు ఇంకెంతసేపు అని మేస్త్రిని కాల్చుకు తిన్నాను. ఆ తొందరలో ఇద్దరం ఒకటి మరిచాం. ఈ కారుకు చేతి బ్రేకు రెండు సీట్ల మధ్యన ఉంటుంది. బల్ల దాని మీదుగా పోయింది. చూసుకునేసరికి పొద్దు వాలింది. మేస్త్రి తల గోక్కొని, బల్లలో చెయ్యి దూరేంత కంత కోసి, పైన రెక్సిన్ మూత వేశాడు. “మజ్జలో మనిషి లేస్తే లాగొచ్చులే” అన్నాడు.

వారం తిరక్కముందే ఇద్దరూ ఆత్మకూరు బయల్దేరారు, పంపకాల దస్తావేజు రాయించడానికి. ఎర్ర బల్ల మీది మూత ఎత్తి, కింద చేతి బ్రేకు ఉందని చూపించి ఎక్కించాను. నాయన మధ్యలో, పెదనాయన కిటికీ దగ్గర. భుజాలు రాసుకుంటున్నాయి, ముఖాలు మాత్రం చెరో దిక్కు. రెండో గేరు వేసినప్పుడల్లా రాడ్డు నాయన తొడకు తగిలేది. “కాలు తియ్ నాయనా” అంటే విననట్టు కూర్చున్నాడు.

ఉదయగిరి ఇంకా రాలేదు, దారిలో ఒక మిట్ట. సగం ఎక్కాక ముందున్న బస్సు ఆగింది. నేనూ ఆపాను, ఇంజన్ ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేసి, బ్రేకు మీది కాలు తీసి యాక్సిలరేటర్ తొక్కేలోపు కారు వెనక్కి జారింది. ఇంకోసారీ అంతే. మూడోసారి వెనక చక్రం రోడ్డు దిగి పక్కనున్న వాన వంక అంచుకు పోయింది. కంగారులో ఏది తొక్కుతున్నానో తెలియలేదు. “చేతి బ్రేకు!” అని అరిచాను. అది నాయన కింద ఉంది.

“లెయ్‌రా!” అని కేక పెట్టాడు పెదనాయన. రెండు నెలల తర్వాత తమ్ముడితో ఆయన అన్న మొదటి మాట అది. నాయన లేచాడు, తల టంగుమని పైరేకుకు కొట్టుకుంది. పెదనాయన తలపాగా ఊడి నా ఒళ్ళో పడింది. ఆయన తమ్ముడి కిందికి చెయ్యి దూర్చి, బావిలో చేద లాగినట్టు లాగాడు. కారు నిలబడింది.

నాయన ఇంకా నడుము వంచి సగం లేచే ఉన్నాడు.

“కూర్చోవచ్చునా అన్నా?”

“కూర్చోబాకరా, కింద నా చెయ్యి ఉండాది!”

చెయ్యి నిజంగానే కంతలో ఇరుక్కుంది. ముందు నాయనకు నవ్వొచ్చింది, తర్వాత పెదనాయనకు. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఆత్మకూరులో ఇద్దరూ ముందు తలుపులోంచి దిగి, టీ తాగి, ఎరువుల అంగడికి పోయి తిరిగొచ్చారు. దస్తావేజు ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత ఏడేళ్ళూ ఆ మిట్ట దగ్గర, కారు ఆగినా ఆగకపోయినా, పెదనాయన “లెయ్‌రా” అనేవాడు, నాయన లేచేవాడు. ముసలివాళ్ళ ఈ ఆట నాకు విసుగు. అప్పటికే నా చూపు కొత్త కార్ల మీద పడింది. చిన్న కార్ల మూలలన్నీ పోయి గుండ్రంగా వస్తున్నాయి. ఐదో గేరు వచ్చింది. ఆఖరికి పైకప్పు బాగా ఎత్తుగా ఉన్నదీ వచ్చింది. పేపర్లో దాని బొమ్మ పెదనాయనకు చూపించి, “తలపాగాతోనే కూర్చోవచ్చు” అన్నాను.

“ముందు ఎంతమంది?”

“ఇద్దరే.”

“అయితే వద్దులే” అన్నాడు.

ఆ చలికాలం ఆయన పోయాడు. ఆరు నెలలైనా ఆగలేకపోయాను, ఎత్తు కారు తెచ్చేశాను. పాత కారు కొన్నవాడు ఎర్ర బల్ల పీకించి మామూలు సీటు వేయించుకున్నాడని విన్నాను.

కొత్త కారులో ముందు సీటు నాయన ఒక్కడిదే. కాళ్ళకు ఏదీ తగలదు, తల పైన జానెడు చోటు. మొదటిసారి ఆత్మకూరు పోతుంటే అదే మిట్ట మీద ముందు లారీ ఆగింది. పక్కనే చేతికందేట్టున్న బ్రేకు లాగాను. చూస్తే నాయన సీటు అంచు పట్టుకొని, నడుము వంచి, సగం లేచి ఉన్నాడు. ఎడమవైపు తిరిగాడు. అక్కడ కిటికీ అద్దం తప్ప ఏమీ లేదు.

లారీ కదిలింది. వెనక హారన్లు మోగుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది.

“కూర్చో నాయనా” అన్నాను. “కింద ఎవరి చెయ్యీ లేదు.”