పడవ వదలకండి

మా నాన్నగారికి కోపం తెప్పించాలంటే ఒక్క ప్రశ్న చాలు: "మీకు ఈత వచ్చాండి?" గోదావరి పాయ ఒడ్డున పుట్టి, అవతలి లంకలో కొబ్బరితోట చేసుకుంటూ బతికిన మనిషి ఆయన. ఆదివారం సాయంత్రమైతే ఏ పనీ లేకపోయినా సొంత నావ విప్పి, తెడ్డు వేసుకుంటూ పాయలో ఒక చుట్టు తిరిగి వచ్చేవారు. పేకాట లేదు, సినిమా లేదు, అదొక్కటే సరదా.

అలాంటి మనిషిని తొంభైల చివర్లో క్లాసుకి రమ్మన్నారు. ఎక్కడో ఒక రేవులో పడవ తిరగబడి మనుషులు పోయారు. ఆ తర్వాత, సరదాకి తిప్పుకునే సొంత పడవలవాళ్ళు కూడా జాగ్రత్తలు నేర్చుకోవాలనీ, నేర్చుకోనివాళ్ళు ఇంటివాళ్ళనైనా ఎక్కించుకోకూడదనీ పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నాన్నగారు అరుగు మీద కూర్చుని పడీపడీ నవ్వారు.

"తాతకి దగ్గులు నేర్పుతారంటే! సరే, వెళ్ళి దగ్గొద్దాం పదండి."

ఆయన్ని ఒక్కరినీ పంపితే అక్కడ గొడవ పెట్టుకుంటారని అమ్మ నన్నూ లాక్కుని వెనకే బయల్దేరింది. నాకప్పుడు డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీ. అమ్మది అన్నవరం దగ్గర మెట్ట ఊరు. ఈత రాదు. పెళ్ళయి అన్నేళ్ళయినా నావ ఎక్కితే కళ్ళు గట్టిగా మూసుకుని సత్యనారాయణస్వామిని తలుచుకుంటూ కూర్చునేది.

కాకినాడ నుంచి వచ్చిన కుర్ర ఆఫీసరు రేవు పక్క బడి వరండాలో చెప్పడం మొదలుపెట్టాడు. పాపం, గొంతులో ఉప్పూ కారం లేవు. చిన్న నావలో ఎప్పుడూ నిలబడొద్దన్నాడు. నాన్నగారు వెంటనే అందుకున్నారు.

"మరి నడి గోదాట్లో గోదారమ్మకి కూర్చుని దణ్ణం పెట్టమంటారా సారూ?"

వరండా అంతా గొల్లుమంది. ఆఫీసరు ఎర్రబడ్డాడు కానీ ఆగలేదు. అందర్నీ కాలవ మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి, బూట్లు విప్పి, ప్యాంటుతోనే నీళ్ళలోకి దిగి, ఒక నావని తిరగేసి, దాని వీపు మీద చేతులు చాపి పడుకున్నాడు. నాన్నగారు కప్ప అన్నారు. మళ్ళీ నవ్వులు.

"పడవ తిరగబడినా ములగదండి. అది వదలకండి. ఒడ్డు దగ్గర్లోనే ఉందనిపిస్తుంది, అయినా వదలకండి. ఎవరో ఒకరు చూసి వచ్చేదాకా పట్టుకునే ఉండండి."

అంతమందిలో ప్రశ్న అడిగింది మా అమ్మ ఒక్కతే, అదీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "ఈత రానోళ్ళు కూడా అలా పట్టుకోవచ్చాండి?"

"ఈత వచ్చినోళ్ళకే చెప్తున్నానమ్మా. రానోళ్ళు ఎలాగూ వదలరు."

నాన్నగారు నవ్వడం నవ్వారు గానీ, రాజమండ్రి వెళ్ళి మనిషిని నీళ్ళలో తేల్చే నారింజరంగు జాకెట్లు మూడు కొనుక్కొచ్చారు. అవి కొత్తవి కదా, నీళ్ళు తగిలితే పాడవుతాయని వాటి ప్లాస్టిక్ కవర్లు తియ్యనివ్వలేదు! మా ఇంట్లో టీవీకి గుడ్డ తొడుగు, సోఫాకి ప్లాస్టిక్ తొడుగు, నీళ్ళలో వేసుకునే జాకెట్టుకీ తొడుగే. నాకు ఒళ్ళు మండి గట్టిగానే అన్నాను. "నువ్వు ఊరుకోవే, పెద్ద చెప్పొచ్చింది" అన్నారు. అవి నావలో అమ్మకి కూర్చునే దిళ్ళయ్యాయి.

ఆ ఏడు కార్తీకంలో లంకతోటలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు పెట్టుకున్నాం. పొద్దు వాలుతుంటే చుట్టాలంతా ఏరు దాటించే పెద్ద పంటు మీద వెళ్ళిపోయారు. ఖాళీ గిన్నెలు సర్దుకుని మేం ముగ్గురం మా నావలో బయల్దేరాం. మా ఇంటి ఆనవాయితీ ఒకటుంది. నడి గోదావరికి రాగానే చెప్పులు విడిచి, లేచి నిలబడి, పసుపూ కుంకుమా నీళ్ళలో వదిలి దణ్ణం పెట్టాలి. అమ్మ భయం కొద్దీ కూర్చునే పొట్లం అందించేది. నాన్నగారు నిలబడేవారు. ఆ రోజూ నిలబడ్డారు. అప్పటికే ఇసక మోసే మరపడవ ఒకటి మమ్మల్ని దాటి పోయింది. దాని అల వెనకనుంచి వస్తోందని నేను చూశాను, ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు.

నావ ఒక్కసారిగా ఒరిగింది. తేలేసరికి ముగ్గురం నీళ్ళలో ఉన్నాం. జాకెట్లు కవర్లతో సహా కొట్టుకుపోతున్నాయి. కళ్ళు మూసుకుని కూర్చునే మా అమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని, బోర్లాపడ్డ నావ అంచుని ఒక చేత్తో పట్టుకుని ఉంది. రెండో చేతిలో నా జడ ఉంది.

నాన్నగారు ఆమె పక్కనే తేలారు. జుట్టు వెనక్కి తోసుకుని నవ్వారు కూడా. "కంగారు పడకండి. ఇదిగో ఒడ్డు. నేనెళ్ళి ఇంకో నావ తెస్తా."

"ఏవండీ, పడవ వదలకండి! ఆ అబ్బాయి చెప్పాడండీ, వదలకండి!"

అమ్మ ఆయన మీద గొంతెత్తడం నేను వినడం అదే మొదలు. "ఎంతసేపే" అని ఆయన బారలు వేసుకుంటూ వెళ్ళారు. మొదట బాగానే ఈదారు. కడుపునిండా భోజనం, తడిసి కాళ్ళకి చుట్టుకునే పంచె, కార్తీకం చలి. కాసేపటికి బారలు పొట్టివయ్యాయి. నేనూ వెళ్తానని కదిలాను. అమ్మ నా జడని మణికట్టుకి మెలేసుకుంది. అరిచాను, తిట్టాను, ఆమె చెయ్యి రక్కాను. వదల్లేదు. ఆయన తల కనిపించింది, మళ్ళీ కనిపించింది, ఆ తర్వాత కనిపించలేదు.

ఇసక పడవవాళ్ళు వెనక్కి తిరిగి చూసి, మళ్ళించుకుని వచ్చి మా ఇద్దర్నీ పైకి లాగారు. ఆగి ఉంటే నాన్నగారూ అదే పడవ ఎక్కేవారు. మర్నాడు కింది రేవులో దొరికారు.

అమ్మని అడగాల్సిన మాట ఒకటి నాలో ఏడాదిపాటు ఉండిపోయింది. మరుసటేడు మళ్ళీ ఆ క్లాసు పెడితే అమ్మ తనే వెళ్తానంది. మాకప్పటికి నావే లేదు. ముందు వరసలో కూర్చుంది. ఆఫీసరు ఆమెను గుర్తుపట్టి, "పడవ వదలకండి" అన్న మాట గోడకేసి చూస్తూ చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తిరిగి వస్తూ ఏటిగట్టు మీద నేనిక ఆపుకోలేకపోయాను. "నాన్న మొదట నీ పక్కనే ఉన్నారు కదమ్మా. నన్ను పట్టుకున్నట్టు ఆయన్నెందుకు పట్టుకోలేదు? నాకు ఈతొచ్చు కదా!"

అమ్మ నడక ఆపింది. ఏడవలేదు. నా భుజం మీద పడి ఉన్న జడని తీసి వెనక్కి వేసింది.

"మీ ఇద్దరికీ ఈతొచ్చు తల్లీ. నావి రెండు చేతులే. ఒకటి పడవకిచ్చేశాను."