తొమ్మిదో నంబర్ సారు

మామిడిపల్లిల మా బోరు మోటరుకు వైర్‌లెస్ స్విచ్ పెట్టిన సారు యాదికొస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తది. ఇంట్ల బటన్ నొక్కితే చెల్కల మోటరు నడవాలె. కొన్నొద్దులు మంచిగనే నడిచింది. ఇగ ఊర్ల అందరూ గా స్విచ్చులే పెట్టించుకున్నంక, నేనెంత నొక్కినా మోటరు ఉలకలే. ఎండకు చెల్కల ఏసిన పాలకూర తల వాల్చింది.

సారు వచ్చిండు. అరచెయ్యంత రేడియో డబ్బా తల మీదికెత్తి, ఒక కన్ను మూసి, "గాలిల లొల్లి ఉంది పెద్దమ్మా" అన్నడు. పైనుంచి విమానం పోతుంటే, దొంగ దొరికినట్టు దాని దిక్కు వేలు చూపిండు.

గా డబ్బా ఒక్కొక్క చానెల్ వింటదట. లొల్లి ఉంటే ఎర్ర లైటు, లేకుంటే పచ్చ లైటు. విమానం పోయినంక గూడ మా స్విచ్ నడిచే తొమ్మిదో చానెల్ల ఎర్రగనే మండింది. ఎనిమిదిల పచ్చగుంది.

"తొమ్మిదిల ఇంకెవరున్నరు సారూ?"

"ఊరంత. అందరికీ నేనే పెట్టిన. మంచి నంబర్ గద!"

"అయితే నాది ఎనిమిదికి మార్చు."

"వామ్మో, అది శని నంబర్!"

నేను అంకెలు నేర్చుకున్నది ముసలితనంల. వాటిల మంచియి, చెడ్డయి ఉంటయని మా పంతులమ్మ చెప్పలే. ఇంజినీరింగ్ సదివిన సారు చెప్పిండు.

"పాలకూర ఎండిపోతే నీ తొమ్మిది వచ్చి నీళ్లు పోస్తదా?" అని గట్టిగ అడిగితే, దండం పెట్టుకుంట మార్చిండు.

ఊరోళ్ల స్విచ్చులు ఇంకా తొమ్మిదిలనే కొట్లాడుకుంటున్నయి. సారు డబ్బా ఎత్తుకొని విమానాలను తిడుతనే ఉన్నడు. ఎనిమిదిల నా మోటరు ఒక్కటే హాయిగ నడుస్తుంది. శని నా పాలకూరకు మంచిగ కలిసొచ్చిండు.