గుండీ బిస్కెట్లు

కార్తీకంలో రెండో మంగళవారం. ఇడ్లీకి నానబెట్టడం, దుప్పట్లు ఉతకడం, మీగడ చిలికి వెన్న తీయడం, పిల్లల యూనిఫారాలు ఇస్త్రీ చేయడం అయ్యాయి. రాగులు ఏరడం సగంలో ఆగింది. ఆ రోజు పనుల పట్టీలో నేను రాసుకున్నది అంతే. ఆగిపోయిన పని పక్కన కారణం రాసే అలవాటు నాకుంది. ఆ రోజు రాయలేదు.

పుంగనూరులో మా వదిన పోయిన సంగతి ఆమె కొడుకు చెప్పాడు. వాడు ఉండేది కుప్పంలో. పక్కింటివాళ్ళు వాడికి ఫోన్ చేస్తే, వాడు మదనపల్లెలో ఉన్న నాకు చేశాడు. "అత్తా, అమ్మ ఇంక లేదంట" అన్నాడు. నేను "సరే" అన్నాను. కాసేపటికి, "ఇంట్లో గ్యాస్ కట్టేసినారేమో కనుక్కో నాయనా" అన్నాను. వాడు కూడా "సరే అత్తా" అన్నాడు. ఏరిన రాగులను ఒక గిన్నెలోకి, ఏరనివాటిని ఇంకో గిన్నెలోకి ఎత్తి మూతలు పెట్టి, ఆ తర్వాత మా ఆయనకు ఫోన్ చేశాను. పోయింది ఆయన సొంత అక్క. ముందుగా ఆయనకు చెప్పాలని కూడా నాకు తోచలేదు.

ఆమెను తలుచుకోవాలంటే నాకు ముందు కనిపించేది మనిషి కాదు, తల మీద ట్రే. పుంగనూరులో వాళ్ళ వీధి చివర ఒక భాయి బేకరీ ఉంది. కట్టెల పొయ్యి. తెల్లవారి బన్నూ రొట్టే కాల్చి నిప్పు లాగేసిన తర్వాత కూడా ఆ పొయ్యి సాయంత్రం దాకా వేడిగానే ఉంటుంది. ఆ వేడిని ఊరికే పోనీయకుండా భాయి ఇళ్ళవాళ్ళకు వదులుతాడు. పిండి ఇంట్లో కలుపుకుని, ట్రేలో పేర్చుకుని, మధ్యాహ్నం తీసుకుపోతే కాల్చి ఇస్తాడు. ట్రేకి ఇంతని కూలి. రంజాన్ ముందు ఆ వీధిలో ట్రేలే ట్రేలు. మా వదిన మాత్రం ఏడాది పొడుగునా వెళ్ళేది. ఓవెన్ కొనుక్కోమని కొడుకు ఎన్నోసార్లు అన్నాడు. "ఊరి పొయ్యి ఉత్తగా కాగుతా ఉంటే, ఇంట్లో ఇంకొకటి యాలరా?" అనేది.

కూలి కాక, ప్రతి ట్రే నుంచి రెండు బిస్కెట్లు తన చేత్తో తీసి భాయికి ఇచ్చేది. దానికి "పొయ్యి పాలు", అంటే పొయ్యి వాటా, అని పేరు పెట్టింది. కూలి భాయికి, ఆ రెండూ పొయ్యికి అని ఆమె లెక్క. పొయ్యి తినదు కాబట్టి భాయి తినేవాడు.

నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆ ట్రేలకు గుర్తులు ఉండేవి కావు. మా పెద్దవాడి మొదటి పుట్టినరోజుకు వదిన డబ్బా నిండా బిస్కెట్లు తెచ్చింది. పైన పాత బ్లౌజు గుడ్డతో కుట్టిన గలీబు, దాని మీద పూలు. వీధిలో పిల్లలందరికీ తలా ఒకటి పంచాము. క్షణంలో ఒకరి తర్వాత ఒకరు ఏడుపు. బేకరీలో ట్రే మారిపోయింది. మేము పంచినవి ఎవరో టీలోకి చేయించుకున్న కారం బిస్కెట్లు. మా అత్త పిల్లల నోళ్ళు కడిగించలేక చస్తుంటే, వదిన గోడకు ఆనుకుని నవ్వుతూనే ఉంది. "ఆ కారం బిస్కెట్లోళ్ళు ఈ పొద్దు తియ్యటి టీ తాగుతాంటారు సూడు" అంది.

ఆ వారమే ఆమె గుర్తు మొదలుపెట్టింది. మా మామగారి పాత ఖాకీ కోటు నుంచి పెద్ద గుండీ ఒకటి తెంపి, ప్రతి బిస్కెట్టు మీదా నొక్కేది. గుండ్రటి అంచు, మధ్యలో నాలుగు చుక్కలు. ఆ తర్వాత ఆమె ట్రే ఎప్పుడూ మారలేదు. మా పిల్లలు వాటిని గుండీ బిస్కెట్లు అనే పిలిచారు, ఇప్పటికీ అంతే.

సగం రాగిపిండి, సగం గోధుమపిండి, బెల్లం పొడి, వేయించి దంచిన వేరుశెనగ. ఆ వేరుశెనగ పప్పు కూడా మంచిది కాదు, బి.కొత్తకోట మిల్లులో జల్లెడ కింద పడిన విరుగు. "నోట్లోకి పోయినాక అన్నీ విరుగే గదా" అనేది. ఏలకులు వలిచి గింజలు పాయసానికి దాచి, తొక్కలు బెల్లంతో కలిపి దంచేది. వెన్న మాత్రం బయట కొననిచ్చేది కాదు. వారం మీగడ ఆమెది, వారం మీగడ నాది. నేను చిలికి టిఫిన్ క్యారియర్‌లో పెట్టి బస్సులో పంపేదాన్ని.

ఆ డబ్బాలు ఎక్కడెక్కడికి పోయేవో రాస్తే ఈ కాగితం చాలదు. ఆమె కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగస్తులు. వంటింట్లో నిలబడే తీరిక లేదు. ఎవరికి ఏమివ్వాలన్నా ఆ కోడలు ఫోన్ చేసి "అత్తమ్మా, బుధవారానికి ఒక డబ్బా" అనేది. ఇల్లు మారినవాళ్ళకు, బదిలీ మీద పోయే సారుకు, బిడ్డను కన్న స్నేహితురాలికి. కుప్పం బస్సు కండక్టర్లకు ఆ గుడ్డ డబ్బాలు బాగా తెలుసు. పెళ్ళిళ్ళలో పంచిన ఖాళీ స్వీటు డబ్బాలకు పాత జాకెట్టు ముక్కలు అతికించి చేసేది. కొనిస్తే పోదా అని నేనే ఒకసారి అన్నాను. "కొన్నది ఇస్తే కవరు పారేస్తారు. మనది ఇస్తే డబ్బా తిరిగొస్తాది. డబ్బాతో బాటు ఆ మనిషీ వస్తాది" అంది.

ఒకసారి నేను కూర్చుని ఒక డబ్బాకు ఎంత ఖర్చవుతుందో వేసి చూపించాను. పిండి, బెల్లం, పొయ్యి కూలి, బస్సు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది.

"అంతా బాగుండాది. నా చెయ్యి యాడ?"

"నీ చేతికి ఏం లెక్క వేస్తాను వదినా?"

"ఎయ్యలేవు గదా. అయితే ఆ గడి ఖాళీగా పెట్టు. కొట్టెయ్యొద్దు."

అలాగే ఖాళీగా పెట్టాను. నా పద్ధతి ప్రకారం ఖాళీ గడి ఉండకూడదు. అది మాత్రం ఉంది.

ఆ మంగళవారం మధ్యాహ్నం కూడా ఆమె ట్రే తీసుకుపోయింది. ఈసారి బిస్కెట్లు మనవరాలికి. ఆ పిల్లది ఆ శనివారం పుట్టినరోజు. కుప్పంలో వాళ్ళ బడిలో పుట్టినరోజు పిల్లలు తరగతికంతా చాక్లెట్లు పంచుతారు. ఈ పిల్ల మాత్రం ఏటా అవ్వ చేసిన గుండీ బిస్కెట్లు పంచుతుంది, పాత క్యాలెండరు కాగితాల పొట్లాలలో. పొట్లాలు ముందే మడిచి పెట్టి ఉన్నాయి. పొయ్యిలోకి ట్రే ఇచ్చి వదిన ఇంటికి వచ్చి పడుకుంది. దీపాలవేళకు ఆమె భర్త లేపితే లేవలేదు. ఆయనను నేను అన్నా అంటాను.

మేము వెళ్ళాము. జరగవలసినవి జరిగాయి. చావు ఇంట్లో వండి ఉన్నదంతా పారబోస్తారు. చారు, అన్నం, బిందెల్లో నీళ్ళు. నేనే పారబోశాను. మనసు ఎటూ పోలేదు. ఏ గిన్నె ఎక్కడ బోర్లించానో ఇప్పుడు అడిగినా చెప్పగలను.

మూడో రోజు బేకరీ భాయి వచ్చి గేటు బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. వదినతో నేను చాలాసార్లు ట్రే పట్టుకు వెళ్ళాను కాబట్టి నన్నే పిలిచాడు.

"అమ్మా, అక్క ట్రే నా కాడే ఉండాది. ఏం సెయ్యమంటారు?"

అప్పటిదాకా ఆ ట్రే ఎవరికీ గుర్తు లేదు. నేను లోపలికి వచ్చి చెప్పాను. అన్న వాళ్ళ అక్క ఒకామె ఉంది. పలమనేరు నుంచి వచ్చింది, పద్ధతులన్నీ ఆమె నోటి మీదే నడుస్తున్నాయి. ఆమె వెంటనే, "ఈ ఇంటి పిండి గదా. మైల. ఆవులకు ఏసెయ్యమను" అంది.

గది మూల నుంచి మనవరాలు లేచి వచ్చింది. "అవి అవ్వ నాకు చేసినవి. క్లాసులో చెప్పేసినాను."

"ఈ యేడు పుట్టినరోజు లేదులేమ్మా" అని వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది. పిల్ల ఏడవలేదు. "పుట్టినరోజు లేకపోతే పోనీ. బిస్కెట్లు ఉండాయి గదా" అంది.

నాకు ఒక్కటే తోచింది. ఆమె వండిన చారు నా చేత్తోనే పారబోశాను. ఆమె చేతిది ఆ ట్రే ఒక్కటే మిగిలింది. ఇంక అలాంటిది ఇంకోటి రాదు. నోరు విప్పి ఆ మాట అనలేకపోయాను. "అవి ఈ ఇంట్లో లేవు కదా" అని మాత్రం అన్నాను.

"యాడుంటే ఏమి? కలిపింది ఈ ఇంట్లో" అంది పలమనేరు ఆమె.

భాయి గేటు దగ్గర నుంచే విన్నాడు. "పిండి మీదే, కాదన్ల్యా. పొయ్యి నాది పెద్దమ్మా. నా పొయ్యికి మైల లేదు. కర్మ అయ్యేదాకా నా కాడ పెట్టుకుంటా, తర్వాత మీ ఇష్టం."

అప్పుడు వదిన భర్త, మా అన్న, తలెత్తి భాయిని అడిగాడు.

"ఎన్నింటికి తెచ్చింది?"

"మూడు దాటినాకన్నా."

"ఎప్పటికి కాలినాయి?"

"నాలుగున్నరకంతా బయటికి తీసినా."

"అప్పటికి ఆమె ఉండాది" అన్నాడు అన్న. "బతికుండే మనిషి చేసిన తిండి అది. పారెయ్యొద్దు."

పలమనేరు ఆమె చెంగు సర్దుకుని, "నా మాట ఎవురు ఇంటారులే" అని గిన్నెలు లెక్కపెట్టడానికి లోపలికి పోయింది.

ఈ బిస్కెట్లు నెలైనా చెడవని వదిన ఎప్పుడూ చెప్పేది. డబ్బాలు బస్సెక్కేవేళ ప్రతిసారీ చెప్పే మాట అది. నాకు విసుగు పుట్టేది, తెలిసిందే కదా అని. పెద్దకర్మ అయ్యేదాకా ఆ మాట మీదే ఉన్నాము.

కర్మ అయిన మర్నాడు పొద్దున నేనూ మనవరాలూ బేకరీకి వెళ్ళాము. భాయి ట్రేను బన్నుల అలమారలో, అన్నిటికంటే పై అరలో పెట్టి, మీద ఉతికిన గుడ్డ కప్పాడు. గుడ్డ తీశాడు. అన్నీ వరసలో ఉన్నాయి. గుండ్రటి అంచు, నాలుగు చుక్కలు. చివరి వరస మాత్రం చదునుగా ఉంది. గుర్తు లేదు.

నేను చూస్తుండగానే భాయి చెప్పాడు. "ఆ వరసకు నొక్కలా అమ్మా. ఎప్పుడూ అట్ల తేదు. ఏమక్కా మర్సిపోతివా అని ఎగతాళి చేసినా. చెయ్యి గుంజతాండాది భాయీ, రేపొచ్చి నీ పాలు ఇస్తాలే అనె. ఈడ నొక్కుదామని తెచ్చిన గుండీ ఈ బల్ల మీదే మర్సి పోయె." అరలోంచి గుండీ చుట్టిన కాగితం పొట్లం తీసి పిల్ల చేతిలో పెట్టాడు. "ఆస్పత్రికి పో అక్కా అనాల్సింది. ఎగతాళి చేసినా."

భాయి ట్రే అంచు గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు.

మనవరాలు ఇంటి నుంచి తెచ్చిన పొట్లాలు పేర్చింది. గుర్తున్న బిస్కెట్లు ఒక్కొక్కటీ ఒక్కొక్క పొట్లంలో వేసింది. తొందరపడలేదు. అవ్వ నేర్పినట్టే కాగితం అంచు లోపలికి దోపింది. పొట్లాలన్నీ నిండాక బిస్కెట్లు కొన్ని మిగిలాయి. ఇంటికి తెస్తే పలమనేరు ఆమె, "బస్సులో నములుకుంటా పోతా, నాకు రెండు పెట్టండి" అని అడిగి తీసుకుంది. పిల్ల సోమవారం బడికి పోయి పంచింది. ఎవరో పుట్టినరోజు దాటిపోయింది కదా అన్నారట. "దాటింది. ఇవి చెడవు" అని చెప్పిందట. గుండీ ఇప్పుడు దాని పెన్సిల్ డబ్బాలో ఉంది.

అయితే బేకరీ నుంచి కదిలే ముందు ఒక పని మిగిలింది. ఇన్ని రోజులు ట్రే తన దగ్గరే ఉన్నా భాయి తన రెండూ తీసుకోలేదు. యాల తీసుకోలేదు భాయీ అంటే, "ఆమె ఇయ్యకుండా నేనెట్ల తీసుకునేది?" అన్నాడు.

నేను గుర్తున్నవి రెండు తీసి ఇవ్వబోయాను.

"అవి బిడ్డకు. ఆ ఆఖరి వరసలోవి ఇయ్యమ్మా."

గుర్తు లేని రెండు ఆయన అరచేతిలో పెట్టాను. ఒకటి అక్కడే నిలబడి, టీ కూడా లేకుండా, నెమ్మదిగా తిన్నాడు. రెండోది తినలేదు. వంగి పొయ్యి నోటి దగ్గర ఇటుక మీద పెట్టాడు. లోపల పొద్దుటి నిప్పు లాగేసి ఉంది. వేడి మాత్రం ముఖానికి తగులుతూ ఉంది. ఆ చదును బిస్కెట్టు అక్కడ, ఎవరిదో తెలియనట్టు, గుండ్రంగా కూర్చుంది.

మదనపల్లెకు వచ్చి, మిగిలిన రాగులు ఏరడం పూర్తి చేశాను. ఆ రోజు పట్టీలో చివర రాసుకున్నాను: వదిన తరఫున పొయ్యి పాలు, రెండు. చెల్లు.